నవోదయ కోచింగా, కోలాటమా?

హనుమకొండ నుంచి ఒక తల్లి రాశారు. ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుడతారు. భర్త రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు. అత్తమ్మ కూడా వీళ్లతోనే ఉంటారు. ఒక్కతే బిడ్డ. పదేళ్లు నిండాయి, దగ్గర్లోని ప్రైవేటు బడిలో ఐదో తరగతి చదువుతూ, ఆరో తరగతికి నవోదయ (కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి) ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతోంది. ఉత్తరం పెద్దది, కొట్టివేతలు కూడా చాలానే ఉన్నాయి. ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

"పొద్దున ఐదింటికి లేపుత. ఏడున్నరకు బడి ఆటో వస్తది. సాయంత్రం ఐదింటికి వచ్చి, గిన్నెడు పాలు తాగి, నవోదయ కోచింగుకు ఉరుకుతది. ఏడున్నర దాటినంక వస్తది. తిన్నంక హోంవర్కు. ఇప్పుడు యాన్యువల్ డే ప్రాక్టీసని బడిలో ఆఖరి రెండు పీరియడ్లు పోతున్నయి. ఆ నోట్సు పక్క సందులో ఉండే పిల్ల దగ్గర తెచ్చుకొని రాసుకుంటది. పండుకునేసరికి పదకొండు. ఆదివారం అబాకస్. ఎస్‌ఏ-1 పెద్ద పరీక్షలు మొన్ననే అయినయి, అప్పుడే ఎఫ్‌ఏ-3 చిన్న పరీక్షలు అంటున్నరు. బాలల దినోత్సవానికి సైన్స్ ప్రదర్శన, తర్వాత రామప్ప టూరు, ఒలింపియాడ్. ఏది వద్దందామన్నా అన్నీ మంచియే అనిపిస్తయి."

పరకాల దగ్గర ఊళ్లో ఉండే బావగారి కొడుక్కు రెండేళ్ల కిందట నవోదయలో సీటొచ్చిందట. అప్పటి నుంచి భర్తకు అదే ధ్యాస. జూలైలో కోచింగులో చేర్పించారు. వచ్చే నెల రెండో వారంలో పరీక్ష. బడిలో యాన్యువల్ డే కోలాటానికి పాపను ముందు వరుసలో నిలబెట్టారు. దసరా సెలవులు అయిపోతుండగా తండ్రి, "ఇప్పుడు ఈ ఎగురుడు దుంకుడు ఏం లేదు, పేరు తీసేయించు" అన్నారు. ఈవిడ టీచర్‌కు ఆ మాట చెప్పలేదు. పాప ఇంకా ప్రాక్టీసుకు పోతూనే ఉంది, తండ్రికి తెలియదు.

బడి తెరిచినప్పటి నుంచి రోజూ పొద్దున ఒకటే మాట: "అమ్మా, కడుపుల నొస్తంది, ఇయ్యాల పోను." ఆదివారం నొప్పి ఉండదు. మెడికల్ షాపులో అడిగి సిరప్ తెచ్చి పోశారు. అత్తమ్మ, "పోరి బుగ్గలు గుంజుకపోయినయి, ఆడపిల్లకు హాస్టల్ చదువెందుకు" అంటారు. భర్త "నాటకాలు" అంటారు. "కోచింగు మాన్పిస్తే ఆయనతో పంచాయితీ, కోలాటం మాన్పిస్తే బిడ్డ మొహం చూడలేను. ఏం చేయమంటారు?" అన్నది ఈ తల్లి ప్రశ్న.

చెల్లెమ్మా,

ముందు కడుపునొప్పి సంగతి చూద్దాం. మెడికల్ షాపు సిరప్‌తో సరిపెట్టకుండా పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. ఆదివారం నొప్పి లేదు కాబట్టి నాటకమేనని మీవారు తేల్చేశారు. మనసులో దిగులుంటే పిల్లలకు కడుపు నిజంగానే నొస్తుంది, అందులో నటన ఉండదు. ఒంట్లో వేరే తేడా కూడా ఉండొచ్చు. రాత్రి నిద్రలో నొప్పితో లేస్తోందా, బరువు తగ్గిందా, వాంతులు, జ్వరం, మూత్రంలో మంట ఉన్నాయా, రోజూ విరేచనం అవుతోందా అని డాక్టరు అడుగుతారు, ముందే గమనించి ఉంచండి. బడిలో బాత్రూం బాగా లేదని నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా ఆపుకునే ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. ఆ మాట డాక్టరు ముందు అడిగితే సిగ్గుపడుతుంది, ఇంట్లో మీరే మెల్లగా అడగండి. ఈ వయసులోనే పెద్దమనిషి అవుతున్న పిల్లలూ ఉన్నారు కాబట్టి ఆ సంగతి కూడా నాలుగు మాటల్లో చెప్పి ఉంచితే మంచిది.

డాక్టరు ఏమీ లేదన్నారనుకోండి. అప్పుడు మీ ఉత్తరాన్ని మీరే ఒకసారి తేదీలు పక్కన పెట్టుకుని చదవండి. కోచింగు జూలై నుంచి ఉంది. ఆగస్టులో, సెప్టెంబరులో కడుపునొప్పి ఊసే లేదు. మొదలైంది దసరా తర్వాత. అంటే పాప కోలాటం మానేయాలని ఇంట్లో తీర్మానం అయ్యాక, ప్రాక్టీసుకు పోతున్న సంగతి మీరిద్దరూ తండ్రి దగ్గర దాచడం మొదలుపెట్టాక. కోచింగు వల్ల అలసట లేదని కాదు. కానీ పదేళ్ల పిల్ల రోజూ ఆటో ఎక్కేటప్పుడు "ఇయ్యాల డాడీకి తెలుస్తదేమో" అన్న బరువు కూడా మోస్తోంది. ఆ బరువు బ్యాగులో లేదు కాబట్టి మీకు కనపడలేదు.

అందుకని అన్నిటికంటే ముందు తేలాల్సింది ఆ దాపరికం. కోలాటం ఉంటే ఉందని, లేకుంటే లేదని ఇంట్లో అందరికీ తెలియాలి. మీవారికి చెప్పేటప్పుడు పాపను పక్కన నిలబెట్టకండి, తప్పు తనదన్నట్టు అవుతుంది. పేరు తీయించనిది మీరు, ఆ మాట మీ నోటి నుంచే రావాలి. కోపం చేస్తారు, నిజమే. కానీ డిసెంబరు చివర్లో స్టేజీ మీద బిడ్డను చూసిన వాళ్లెవరో చెబితే తెలియడం కంటే ఇది నయం.

ఇక ఆయన సంగతి. మీ ఉత్తరంలో ఓ మూలన, వేరే విషయం చెబుతూ, "ఆరో తరగతికి ఫీజు ఎంత పెంచుతరో అని ఆయనకు నిద్ర పడతలేదు" అని రాసి, సగం కొట్టేశారు. నాకు ఆ కొట్టేసిన వాక్యమే ముఖ్యమనిపించింది. అన్న కొడుకుతో పోటీ అని మీరు అనుకుంటున్నారు. అదీ కొంత ఉండొచ్చు. అసలు భయం మాత్రం ఫీజు గురించి. నవోదయలో చదువు, భోజనం, వసతి, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి కొందరి దగ్గర నెలకు 600 రూపాయల విద్యాలయ వికాస నిధి తీసుకుంటారు, ఆడపిల్లలకు అదీ లేదు. మిల్లులో లెక్కలు రాసే మనిషి ఈ లెక్క వేసుకోకుండా ఉంటారా? ఆయన ఆశపడటంలో తప్పేమీ లేదు. అయితే ఇంటి ఫీజుల భయమంతా పోయి పోయి పిల్ల సాయంత్రాల మీద పడింది.

బావగారి అబ్బాయితో పోలిక విషయంలో ఆయనకు ఒక సంగతి తెలుసో లేదో, చెప్పండి. ఒక్కో నవోదయలో ఆరో తరగతికి ఉండేవి ఎక్కువలో ఎక్కువ 80 సీట్లు. వాటిలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు పోతాయి. మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లెల్లోని బడుల్లో చదివినవాళ్లకే ఆ కోటా. మిగిలిన సీట్లకు పట్నం పిల్లలు పోటీ పడాలి, వాటికి పల్లె పిల్లలు కూడా పోటీకి వస్తారు. అంటే మీ బావగారి అబ్బాయి రాసిన పరీక్ష, మీ పాప రాయబోయే పరీక్ష పేపరు ఒకటే గానీ పోటీ ఒకటి కాదు. మూడో వంతు సీట్లు ఆడపిల్లలకు ఉంటాయి కాబట్టి దారి మూసుకుపోయిందని కాదు. వస్తే సంతోషం, రాకపోతే మాత్రం "వాడికొచ్చింది నీకెందుకు రాలేదు" అని ఆ ఇంట్లో ఎవరూ అనకూడదు. సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు ఆ మాట వస్తుంది, ముందే మీవారి చెవిన వేసి ఉంచండి.

ఇప్పుడు గంటల లెక్క. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. మీ పాపకు దొరుకుతున్నది ఆరు. ఇది సర్దుబాటుతో గట్టెక్కే తేడా కాదు, రోజుకు కనీసం మూడు గంటలు ఎక్కడి నుంచో తీయాల్సిందే. పొద్దున ఐదింటికి లేపి చదివించడం ముందు ఆపండి. నిద్రకళ్లతో ఎక్కాలు అప్పజెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆరున్నరకు లేచినా ఏడున్నర ఆటో అందుతుంది, కాకపోతే జడ మీరు వేయాల్సి వస్తుంది. అబాకస్, ఒలింపియాడ్ ఈ టర్ముకు పక్కన పెడితే ఎవరికీ నష్టం లేదు. వాటి గురించి మీరు ఇంతకంటే రాయలేదు, పాప కూడా ఏమీ అన్నట్టు లేదు.

రాత్రి హోంవర్కులో సగం నిజానికి హోంవర్కు కాదు, ప్రాక్టీసుకు పోయిన పీరియడ్ల నోట్సు ఎత్తిరాయడం. యాన్యువల్ డే బడి పెట్టుకున్న పని. దాని కోసం పోయిన పాఠం పిల్ల రాత్రి పది గంటలకు ఇంట్లో రాసుకోవడం ఏం న్యాయం? క్లాస్ టీచర్‌ను కలిసి, కోలాటం పిల్లలకు ఆ రెండు పీరియడ్ల నోట్సు జిరాక్సు ఇవ్వమని, లేదా డిసెంబరు దాకా ఆ నోట్సు చూడకుండా వదిలేయమని అడగండి. మీతోపాటు ఇంకో ఇద్దరు తల్లులు వస్తే మాటకు బలం ఉంటుంది. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలో మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలకు వారానికి రెండు గంటలకు మించి హోంవర్కు ఉండకూడదని ఉంది. వారానికి! అది తెలిసి ఉండటం మంచిదే గానీ, ఆ కాగితం తీసుకెళ్లి టీచర్ ముందు పరచకండి. ప్రైవేటు బడి టీచరమ్మకు పైనుంచి వచ్చే ఒత్తిడి మీకు తెలియనిది కాదు. మర్యాదగా అడిగితే ఆమె చేయగలిగింది చేస్తుంది.

మీరు నవ్వుకుంటూ రాసిన ఒక ముచ్చట ఉంది, నాకైతే నవ్వు రాలేదు. ప్రాజెక్టు పనికి రామప్ప గుడి నమూనా తెమ్మన్నారని మీరు థర్మకోల్ కోసి, స్తంభాలు నిలబెట్టి, రాత్రి పన్నెండు దాకా కూర్చుని చేశారు. పాప పక్కనే నిద్రపోయింది. మర్నాడు దాన్ని స్టాఫ్‌రూములో పెట్టారట. ఇంటికొచ్చి పాప, "అమ్మా, నీ గుడి మస్తుందన్నది మా టీచర్" అంది. పిల్లకు లెక్క తెలుసు. అది తన గుడి కాదు.

ఎఫ్‌ఏ అంటే లఘు పరీక్ష ఒక్కటే కాదు కదా. పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష, ఈ నాలుగూ కలిపి చూస్తారు. ప్రాజెక్టు పని పెట్టిందే పిల్ల తనంతట తాను నలుగురిని అడిగి, చూసి, రాసి, క్లాసులో చెప్పాలని. తల్లి చేతిపని చూడటానికి కాదు. తర్వాతి ప్రాజెక్టు వంకరటింకరగా ఉన్నా తననే చేయనివ్వండి, మార్కు తగ్గితే తగ్గుతుంది. మీకు రాత్రి నిద్ర దక్కుతుంది. రామప్ప టూరుకు తప్పకుండా పంపండి, ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిలు ఇచ్చి. 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని టీచర్ ఎలాగూ చెబుతారు. శిఖరం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవని, పునాది కింద ఇసుక నింపారని గైడు చెబుతాడు. నల్లరాతి మదనికల్లో, అంటే ఆ స్త్రీ శిల్పాల్లో, తనకు నచ్చిన ఒక్క బొమ్మను అక్కడే కూర్చుని గీసుకుని వస్తే, ఆ గీతలు ఎలా ఉన్నా సరే, అది తన రామప్ప. ఆ రోజు కోచింగు పోతుంది, పోనివ్వండి.

అసలు ప్రశ్నకు వస్తాను. మీ ముందు రెండు దారులే ఉన్నట్టు రాశారు, నాకు నాలుగు కనిపిస్తున్నాయి.

కోలాటం మాన్పించి కోచింగు కొనసాగించడం మీవారి మాట. రోజుకు రెండు పీరియడ్ల పాఠం తిరిగొస్తుంది, ఇంట్లో గొడవ ఉండదు. కానీ ఈ మొత్తం టర్ములో పాప తనంతట తాను సంపాదించుకున్నది ఆ ముందు వరుస ఒక్కటే. అది తీసేశాక పరీక్ష హాల్లో కూర్చునే పిల్ల ఎలా ఉంటుందో ఆలోచించండి. కుదరదని అనను, నేనైతే ఆ పని చేయను.

కోచింగు పూర్తిగా మాన్పించడం అత్తమ్మ మాట. సాయంత్రాలు ఖాళీ అవుతాయి, కడుపునొప్పి కూడా తగ్గొచ్చు. కట్టిన ఫీజు తిరిగి రాదు. అంతకంటే, రేపు సీటు రాకపోతే "నువ్వు మాన్పించబట్టే" అన్న మాట మీ సంసారంలో చాలాకాలం ఉంటుంది. పైగా నవోదయ ఆరో తరగతి పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు, వచ్చే ఏడు చూద్దాంలే అనడానికి లేదు. తొమ్మిదో తరగతిలో ఖాళీలుంటే ఇంకో పరీక్ష ఉంటుంది గానీ అది మూడేళ్ల తర్వాత మాట.

మూడోది, పరీక్ష దాకా రెండూ ఉంచి మిగతా అన్నీ తీసేయడం. కోలాటం జరిగేది బడి గంటల్లోనే, ఇంటి సమయాన్ని తినదు. యాన్యువల్ డే పరీక్ష అయ్యాక డిసెంబరు చివర్లో కాబట్టి ఆఖరి రిహార్సల్స్ నాటికి కోచింగు ఉండనే ఉండదు. అబాకస్, పొద్దుటి చదువు, ఎత్తిరాత పోతే రాత్రి తొమ్మిదిన్నరకు పడుకోవచ్చు. మీవారు ఒప్పుకునే అవకాశం దీనికే ఎక్కువ. పాప అలసట మాత్రం పూర్తిగా తీరదు, ఈ నెలన్నర మీరు కనిపెట్టుకుని ఉండాలి.

నాలుగోది, కోచింగు మానేసి ఇంట్లో చదివించి పరీక్ష రాయించడం. విని భయపడకండి. ఆ పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో సగం, అంటే 40 ప్రశ్నలకు 50 మార్కులు, మానసిక సామర్థ్యానివి. అన్నీ బొమ్మలే. అద్దంలో ఎలా కనిపిస్తుంది, కాగితం మడిచి చిల్లు పెట్టి విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ వస్తాయి, పెద్ద బొమ్మలో చిన్న బొమ్మ ఎక్కడ దాగుంది, ఇలాంటివి. మిగిలిన సగం 20 లెక్కలు, 20 భాష ప్రశ్నలు. తెలుగులోనే రాయొచ్చు, తప్పు జవాబుకు మార్కు కోయరు. చెల్లెమ్మా, మడతేసిన గుడ్డ కత్తిరించి విప్పితే మెడ ఏ ఆకారంలో వస్తుందో విప్పకముందే మీకు తెలుసు. ఆ బొమ్మల ప్రశ్నలకు మీకంటే మంచి మాస్టరు కోచింగు సెంటర్లో ఉంటారని నేననుకోను. మిషన్ పక్కన పాత పేపరు మడిచి కత్తెరతో ఓ చిల్లు పెట్టి, "చెప్పు బిడ్డా, విప్పితే ఎన్నుంటయి?" అని అడగండి, రోజూ పావుగంట. లెక్కలు వాళ్ల నాన్న చూసుకుంటారు, ఆయన పనే అది. ఇబ్బంది ఏమిటంటే, నలుగురి మధ్య కూర్చుని టైము పెట్టుకుని రాసే అలవాటు ఇంట్లో రాదు. అందుకు వారానికి ఒకసారి కోచింగులో మోడల్ పరీక్ష మాత్రం రాయనిమ్మని అడగొచ్చు. ఫీజు తీసుకున్నవాళ్లు కాదనరు.

మూడోదానికీ నాలుగోదానికీ మధ్య ఏది అంటే, అది డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాక, పాప ఒక వారం సరిగా నిద్రపోయాక తేల్చుకోండి. ఆ వారంలో నొప్పి తగ్గితే మూడోది సరిపోతుంది. తగ్గకపోతే నాలుగోది.

ఒక్క మనిషిని మీ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు. సీటొస్తే పాప మామునూరులో హాస్టల్లో ఉండాలి. హనుమకొండకు దగ్గరే, కానీ రోజూ ఇంటికి రావడం కుదరదు. రాత్రి నానమ్మ పక్కన లేనిదే నిద్రపోదని మీరే రాశారు. "హాస్టల్లో ఉంటవా?" అని ఒక్కసారి అడిగి వదిలేస్తే పిల్లలు పెద్దవాళ్లకు ఇష్టమైన జవాబే చెబుతారు. బావగారి అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టి, పెద్దవాళ్లు పక్కకు తప్పుకోండి. పొద్దున ఎన్నింటికి లేపుతారు, బట్టలు ఎవరు ఉతుక్కుంటారు, ఏడుపొస్తే ఎవరికి చెబుతారు, ఇలాంటివన్నీ వాడినే అడుగుతుంది. దాని తర్వాత తను చెప్పే మాటకు విలువివ్వండి. అత్తమ్మ బాధ కూడా తీసిపారేయకండి. ఆడపిల్లకు హాస్టల్ ఎందుకన్న మాట నాకు నచ్చలేదు గానీ, బుగ్గలు గుంజుకుపోయాయని ముందు చూసింది ఆమే.

ఫీజు భయానికి నవోదయ ఒక్కటే మందు కాదని మీవారితో కూర్చుని మాట్లాడండి. మండలాల్లో ఉన్న ప్రభుత్వ మోడల్ స్కూళ్లలో ఆరో తరగతికి వేరే ప్రవేశ పరీక్ష ఉంటుంది. గురుకులాల్లో ఐదో తరగతిలో చేరకపోయినా ఆరు నుంచి తొమ్మిది దాకా మిగిలిపోయిన సీట్లకు నోటిఫికేషన్ ఇస్తుంటారు. ఆడపిల్లల కోసం ఉన్న ప్రభుత్వ కస్తూర్బా విద్యాలయాలు ఆరో తరగతి నుంచే మొదలు, అక్కడ ఎవరిని చేర్చుకుంటారో కనుక్కోండి. ఇంటికి నడిచిపోయేంత దూరంలో జిల్లా పరిషత్తు హైస్కూలో, ప్రభుత్వ హైస్కూలో ఉంటే ఒకరోజు ఇద్దరూ వెళ్లి హెడ్‌మాస్టరుతో మాట్లాడి రండి. వీటన్నిటికీ అడిగే కాగితాలు దాదాపు ఒకటే: పుట్టినతేదీ సర్టిఫికెట్, ఆధార్, బోనఫైడ్, కుల, ఆదాయ ధ్రువపత్రాలు. ఆదాయ ధ్రువపత్రం పాతబడి ఉంటే మీసేవలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, నోటిఫికేషన్లు వచ్చాక అక్కడ క్యూలో నిలబడలేరు.